ఊపిరి నిలుపుకున్నవాడే ఊరు చేరతాడు

సకల ప్రశంసలకూ అర్హుడు అల్లాహ్ ఒక్కడే. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం)పై, వారి కుటుంబంపై, వారి సహచరులందరిపై శాంతి, శుభాలు వర్షించుగాక!



ఇటీవల ఒక జుమా రోజున పల్నాడు జిల్లా నూజెండ్లలో ప్రసంగించే అవకాశం మాకు కలిగింది. నమాజు ముగిసి జనం వెళ్లిపోయాక ఒక సోదరుడు వచ్చి మా పక్కన కూర్చున్నాడు. వయసు నలభై దాటి ఉంటుంది. దర్జీ పని చేసుకుంటాడు. పొద్దున కుట్టుమిషను ముందు కూర్చుంటే లేచేది రాత్రికే.

"మౌల్సాబ్, ఒక మాట అడుగుతాను. నవ్వరు కదా?" అన్నాడు.

"అడగండి భాయ్. దీన్ విషయం అడగడంలో సిగ్గేముంది?" అన్నాం.

ఆయన చెప్పిన సంగతి ఇది. మూడు నెలల క్రితం ఆయనకు షుగరు ఉన్నట్టు తేలింది. వాళ్ల అబ్బాకు ఈ జబ్బుతోనే పాదం తీసేశారు. చివరి నాలుగేళ్లూ ఆయన మంచం మీదే కూర్చుని నమాజు చదువుకున్నారు. ఇప్పుడు తనకు ఇద్దరు ఆడపిల్లలు. రోజూ నడవమనీ, ఒళ్లు కదిలించమనీ డాక్టరు చెప్పాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఊళ్లో అందరూ కలిసి పరుగెత్తే 2కె రన్ మాట వచ్చింది. పొరుగింటాయన ఈయన పేరు కూడా రాయించాడు. మర్నాడు ఫజ్ర్ తర్వాత ఈయన ఒక్కడే బయల్దేరి, కుర్రాళ్లు పరుగెత్తినట్టే పరుగెత్తాడు. ఊరి చివర కల్వర్టు దాకా కూడా పోకముందే గుండె దడదడలాడింది, ఊపిరి అందలేదు. రోడ్డు పక్కనే కూలబడ్డాడు. టీకొట్టు దగ్గర నిలబడ్డ కుర్రాళ్లు నవ్వారు. ఆ తర్వాత మళ్లీ వెళ్లలేదు.

"గడ్డం ఉన్నవాణ్ణి, నలుగురిలో పడి పరుగెత్తడం మన దీన్‌కు తగదేమో మౌల్సాబ్! పేరు కొట్టేయమని చెప్పేస్తాను" అన్నాడు చివరికి.

ఆయన మాటలో రెండు ప్రశ్నలున్నాయి. ఒకటి పైకి అడిగినది: పరుగెత్తడం విశ్వాసి గౌరవానికి లోటా? రెండోది లోపల దాచుకున్నది: అందరికంటే వెనకబడితే నా పరువేం కావాలి? ఈ రెండు ప్రశ్నలూ ఆయన ఒక్కడివే కావు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం, మన దేశంలో పది కోట్లమందికి పైగా షుగరుతో ఉన్నారని అంచనా వేసింది. అందువల్ల ఆయనకు చెప్పిన సమాధానాన్ని మరికొంత వివరంగా ఈ పుటల్లో పాఠకుల ముందుంచుతున్నాం.

పరుగు గౌరవానికి లోటా?

హజ్రత్ లుఖ్మాన్ (అలైహిస్సలాం) తన కుమారునికి చేసిన హితబోధలో, నడకలో మధ్యస్థంగా ఉండమన్న మాట ఉంది (సూరె లుఖ్మాన్: 19). కొందరు ఈ మాటను పట్టుకుని పరుగే తప్పనుకుంటారు. కానీ అంతకు ముందు వాక్యంలోనే అక్కడ ఖండించినది ఏమిటో తెలుస్తుంది. అది జనం ముందు విర్రవీగుతూ నడిచే అహంకారం. అవసరం కోసం, ఆరోగ్యం కోసం పరుగెత్తేవాడి సంగతి వేరు.

మన ఆరాధనల్లోనే పరుగుకు స్థానం ఉంది. దప్పికతో అల్లాడుతున్న పసివాడి కోసం హజ్రత్ హాజిరా (అలైహిస్సలాం) సఫా, మర్వా గుట్టల మధ్య ఏడుసార్లు తిరిగారు. ఒక తల్లి పడిన ఆ తపనను అల్లాహ్ హజ్‌లో, ఉమ్రాలో భాగం చేశాడు. నేటికీ అక్కడ పచ్చదీపాల గుర్తుల మధ్య పురుషులు పరుగులాంటి వేగంతో సాగుతారు.

దైవప్రవక్త (స) ఒక ప్రయాణంలో సహచరుల్ని ముందుకు సాగమని చెప్పి పంపి, హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగుపందెం పెట్టుకున్నారు. ఆసారి ఆమె గెలిచారు. కొంతకాలానికి ఆమె ఒళ్లు చేశాక మళ్లీ పోటీ పడి వారు గెలిచారు. అప్పటి ఓటమికి ఇది బదులని నవ్వుతూ అన్నారు (అబూదావూద్, అహ్మద్). లోకానికే మార్గదర్శకులైనవారికి పరుగెత్తడం చిన్నతనం అనిపించలేదు, భార్య చేతిలో ఓడిపోవడమూ చిన్నతనం అనిపించలేదు. మరి మనకెందుకు అనిపించాలి?

అయితే ఒకచోట మాత్రం పరుగు వద్దన్నారు. ఇఖామత్ వినబడినా సరే నమాజుకు ఉరుకులు పరుగులతో రావద్దనీ, నెమ్మదిగా, హుందాగా నడిచి రమ్మనీ, దొరికినంత జమాఅత్‌తో చేసి మిగిలింది పూర్తి చేసుకోమనీ ప్రవక్త (స) బోధించారు (బుఖారీ, ముస్లిం). మన పరిస్థితి చూడండి! నెమ్మదిగా వెళ్లాల్సిన మస్జిదుకు ఆఖరి నిమిషంలో రొప్పుతూ ఉరుకుతాం. కదిలించాల్సిన ఒంటిని రోజంతా కుర్చీకి అతికించి ఉంచుతాం.

సలమా (రజి) పరుగు

సహాబాలలో పరుగుకు పేరుపడ్డ మహనీయులు హజ్రత్ సలమా బిన్ అక్వా (రజి). దైవప్రవక్త (స) ఒంటెల్ని దోపిడీగాళ్లు తోలుకుపోతే ఆయన ఒంటరిగా, కాలినడకన వాళ్లను వెంటాడారు. జూఖరద్ సంఘటనగా అది ప్రసిద్ధం. అక్కడి నుంచి మదీనాకు తిరిగి వస్తుండగా, ఎవరికీ ఓడని పరుగుగాడు ఒకాయన అన్సార్‌లలో ఉండేవారు, ఆయన మదీనా దాకా తనతో పరుగెత్తేవారెవరని మాటిమాటికీ సవాలు చేయసాగారు. సలమా (రజి) అప్పుడు ప్రవక్త (స) వెనుక ఒంటె మీద కూర్చుని ఉన్నారు. అనుమతి అడిగి కిందికి దూకారు.

ఆ తర్వాతి వివరాన్ని స్వయంగా ఆయనే చెప్పారు. మొదట ఒకటి రెండు మిట్టల దూరం తనను తాను అదుపులో ఉంచుకున్నారట. ఎందుకు? ఊపిరి నిలుపుకోవడానికి. మళ్లీ కొంత దూరం అలాగే నిగ్రహించుకున్నారు. ఆ పైన వేగం పెంచి, ఆ అన్సారీని అందుకుని, భుజాల మధ్య తట్టి, మదీనాకు ఆయనకంటే ముందు చేరారు (సహీహ్ ముస్లిం).

ఇక్కడ మనం ఆగి ఆలోచించాలి. ఆ కాలపు మేటి పరుగుగాడు సైతం మొదట్లోనే సత్తువంతా ఖర్చు చేయలేదు. ఇరవై ఏళ్లుగా పరుగెత్తని మన సోదరుడు మొదటి రోజే, మొదటి అడుగు నుంచే ఖర్చు చేసేశాడు. ఆయన కూలబడింది బలం లేక కాదు, ఆరంభించే పద్ధతి తెలియక. తెలియనిది నేర్చుకుంటే వస్తుంది. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

నాయకుడు వెనక ఉన్నాడు

ఇక రెండో ప్రశ్న. నలుగురిలో వెనకబడితే?

హిజ్రీ 7వ సంవత్సరం. దైవప్రవక్త (స) సహచరులతో ఉమ్రా కోసం మక్కాలో ప్రవేశించారు. మదీనా జ్వరాలు ముస్లింలను నీరసింపజేశాయని ఖురైషీలు చెప్పుకుంటున్నారు. తవాఫ్‌లో మొదటి మూడు ప్రదక్షిణలు భుజాలు కదిలిస్తూ చురుగ్గా అడుగులు వేయమని ప్రవక్త (స) ఆదేశించారు. దీన్నే 'రమల్' అంటాం. ఒక విధంగా ఇది సామూహిక పరుగే. మరి ఏడు ప్రదక్షిణల్లోనూ అలా చేయమని ఎందుకనలేదు? సహచరుల మీది జాలితోనే అనలేదని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) తెలిపారు (బుఖారీ). శత్రువు చూస్తున్న ఘడియలో కూడా తమవారి ఓపికను కొలిచి ఆదేశమిచ్చిన నాయకుడు వారు.

ప్రయాణాల్లో దైవప్రవక్త (స) దండుకు వెనకగా ఉండేవారు. బలహీనుల వాహనాల్ని ముందుకు తోలేవారు, నడవలేనివారిని తమ వెనక ఎక్కించుకునేవారు, వారికోసం దుఆ చేసేవారు (అబూదావూద్). ఒకసారి హజ్రత్ జాబిర్ (రజి) ఒంటె అలసిపోయింది. అందరూ ముందుకెళ్లారు, ఆయన వెనకబడ్డారు. అప్పుడు ఆయన దగ్గరికి వచ్చి, ఏమైందని అడిగినది ఎవరు? స్వయంగా దైవప్రవక్త (స). ఆ ఒంటెను కర్రతో అదిలించి మళ్లీ ఎక్కమన్నారు. ఆ తర్వాత దాన్ని పట్టి ఆపడమే జాబిర్ (రజి)కి కష్టమైంది (బుఖారీ).

సోదరులారా! వెనకబడినవాడి చోటు అవమానపు చోటని మనం అనుకుంటాం. కానీ ప్రవక్త (స) ఏరికోరి నిలిచిన చోటు అదే. కలిసి బయల్దేరిన పరుగులో చివరివాడు ఒంటరిగా మిగిలిపోతే, ఆ లోటు అతనిది కాదు, అతణ్ణి వదిలి వెళ్లిన మనది.

ఆ సోదరుడు నవ్విన కుర్రాళ్ల పేర్లు చెప్పలేదు, మేమూ అడగలేదు. కానీ ఈ పత్రిక వారి ఇంటికీ వస్తుందేమో! బాబులారా, ఎవరూ ఎవర్నీ ఎగతాళి చేయవద్దనీ, ఎగతాళికి గురైనవారే మేలైనవారు కావచ్చుననీ అల్లాహ్ హెచ్చరించాడు (సూరె హుజురాత్: 11). వరంగల్ ప్రాంతపు పల్లెలో పుట్టిన దీప్తి జీవాంజి చిన్నప్పుడు ఎన్నో హేళనలు పడింది. ఆ అమ్మాయే 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్య పతకం తెచ్చింది. మీ నవ్వు ఒక మనిషిని ఇంట్లో కూర్చోబెట్టింది. అతని ఆరోగ్యం మీద ఇద్దరు పిల్లల బతుకు ఆధారపడి ఉంది. రేపు అతని పక్కన నాలుగు అడుగులు నడిచి ఆ తప్పు దిద్దుకోండి.

ఎలా సిద్ధపడాలి?

సర్దార్ పటేల్ జన్మదినమైన అక్టోబరు 31ని 2014 నుంచి దేశంలో జాతీయ ఐక్యతా దినంగా జరుపుతున్నారు. ఆ సందర్భంగా ఎన్నో ఊళ్లలో జనం కలిసి పరుగెత్తుతారు. ఇలాంటి 2కె రన్‌లు మరికొన్ని సందర్భాల్లోనూ జరుగుతుంటాయి. పొరుగువారితో కలిసి మేలైన పనిలో పాలుపంచుకోవడం మంచిదే. మొదటిసారి పాల్గొనేవారు కొన్ని విషయాలు గుర్తుంచుకోవాలి.

మొదటిది నియ్యత్. కర్మలు సంకల్పాల్ని బట్టే ఉంటాయి. అల్లాహ్ ఇచ్చిన దేహం ఆయన అమానత్. దేహానికి మనపై హక్కు ఉందని ప్రవక్త (స) స్పష్టంగా చెప్పారు (బుఖారీ). నిలబడి నమాజు చేసే శక్తి నిలవాలని, ఆలుబిడ్డల్ని పోషించుకోవాలని పరుగెత్తితే ఇన్షా అల్లాహ్ అదీ పుణ్యమే. ఫొటోల కోసం, మెప్పు కోసమైతే చెమట తప్ప ఏమీ మిగలదు.

రెండోది వైద్యుని సలహా. షుగరు, బీపీ, గుండెజబ్బు ఉన్నవారు ముందు డాక్టరును అడగాలి. షుగరుకు ఇన్సులిన్ లేదా మాత్రలు వాడేవారికి పరుగులో షుగరు పడిపోయే అవకాశం ఉంది. జేబులో గ్లూకోజో, చక్కెరో పెట్టుకోవాలి. వణుకు, చెమటలు, కళ్లు తిరగడం కనిపిస్తే ఆగి తీపి తీసుకోవాలి. ఛాతీలో నొప్పి, బిగువు అనిపిస్తే వెంటనే ఆగి ఆస్పత్రికి వెళ్లాలి. షుగరు ఉన్నవారు చెప్పులతోనో ఒట్టికాళ్లతోనో పరుగెత్తకూడదు. మేజోళ్లు, సరిపడే బూట్లు వేసుకోవాలి, ఇంటికొచ్చాక అరికాళ్లు చూసుకోవాలి. మిమ్మల్ని మీరు నాశనంలో పడేసుకోవద్దన్న అల్లాహ్ ఆదేశం (సూరె బఖర: 195) ఇక్కడా గుర్తుండాలి.

మూడోది క్రమం. వారానికి మూడు రోజులు చాలు, మధ్యలో ఒక్కోరోజు విశ్రాంతి ఇవ్వాలి. మొదట ఐదు పది నిమిషాలు నడక. తర్వాత ఒక నిమిషం మెల్లగా పరుగు, రెండు నిమిషాలు నడక. ఇలా ఆరేడు సార్లు. చివర మళ్లీ కాసేపు నడక. ఒళ్లు అలవాటుపడేకొద్దీ పరుగు నిమిషాలు పెంచి నడక తగ్గించాలి. సుమారు ఎనిమిది వారాలు ఇలా సాగితే రెండు కిలోమీటర్లు చాలామందికి అందుతాయి. పక్కవాడితో మాట్లాడగలుగుతున్నంత వేగమే సరైన వేగం. మాట రావడం లేదంటే వేగం తగ్గించాలి. పరుగు నాడు అందరూ ఒక్కసారి దూసుకుపోతారు. అప్పుడు సలమా (రజి)ని తలచుకోండి. మధ్యలో నడిచినా తప్పులేదు.

నాలుగోది వేళ. పల్నాటి ఎండ మనకు తెలియనిది కాదు. ఎండాకాలంలో ఎండెక్కాక పరుగెత్తవద్దు. ఫజ్ర్ తర్వాతి వేళ చల్లనిది, శుభాలున్నది. కానీ పరుగు కోసం లేచి ఫజ్ర్ జమాఅత్ పోగొట్టుకుంటే అది నష్టపు బేరం. ముందు మస్జిదు, తర్వాత రోడ్డు.

ఐదోది మర్యాదలు. పురుషులు బొడ్డు నుంచి మోకాలి దాకా కప్పే దుస్తులు వేసుకోవాలి. ఓడినవాడి సొమ్ము గెలిచినవాడికి దక్కేలా పందెం కాయడం జూదమే, అది హరామ్. దారిలో బండ్లకు, బాటసారులకు అడ్డు రాకూడదు. తాగిన నీళ్ల ప్యాకెట్లు రోడ్డు మీద పారేయకూడదు. దారిలోంచి హాని కలిగించేదాన్ని తొలగించడం ఈమాన్ శాఖల్లో ఒకటని మరచిపోవద్దు.

సోదరీమణులకు కూడా వ్యాయామం అవసరమే. షుగరు వారినీ వదలడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం స్త్రీ పురుషులిద్దరికీ వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ ఉండాలి. పెరట్లో, మేడమీద, లేదా తోటి స్త్రీలతో, ఇంటివారితో కలిసి పరదా పాటిస్తూ వడివడిగా నడవవచ్చు. భార్యకు ఆ వీలు కల్పించడం భర్త బాధ్యత. సహచరుల్ని ముందుకు పంపి ఆయిషా (రజి)కి ఆ వీలు కల్పించింది ప్రవక్త (స) గారే కదా!

మన ఇబాదత్‌లోనూ ఇదే పొరపాటు

ఆ సోదరుడు మొదటి రోజు రోడ్డు మీద చేసిన పొరపాటే మనలో చాలామంది దీన్ విషయంలో చేస్తుంటాం. రమజాన్ నెలవంక కనబడగానే మొదటి సఫ్‌లో చోటు దొరకదు. మూడు రోజులు తరావీహ్, తహజ్జుద్, రోజుకొక పారా. పదో రోజుకు సఫ్‌లు పల్చబడతాయి. ఈద్ మర్నాడు ఫజ్ర్‌కు ఇమామ్ సాబ్, ముఅజ్జిన్ సాబ్, ఇద్దరు ముసలివాళ్లు మిగులుతారు. మిగతా మనమంతా కల్వర్టు దగ్గర కూలబడ్డవాళ్లమే.

దైవప్రవక్త (స) ఒకసారి మస్జిదులో రెండు స్తంభాల మధ్య తాడు కట్టి ఉండటం చూశారు. అది హజ్రత్ జైనబ్ (రజి) నమాజులో అలసినప్పుడు పట్టుకోవడానికని తెలిసి, విప్పేయమన్నారు. ఉత్సాహం ఉన్నంతవరకు నిలబడి చేయాలని, అలసిపోతే కూర్చోవాలని చెప్పారు (బుఖారీ). కొద్దిదైనా సరే, నిలకడగా సాగే ఆచరణే అల్లాహ్‌కు అన్నిటికంటే ప్రియమైనదనీ వారే తెలిపారు (బుఖారీ, ముస్లిం).

కాబట్టి ఎంతో కాలంగా నమాజు వదిలేసిన సోదరుడు ఐదుపూటల ఫర్జ్‌తో గట్టిగా మొదలుపెట్టాలి. అందులో సడలింపు లేదు. ఖుర్ఆన్ చదవడం, నఫిల్ నమాజులు, దానాలు మాత్రం ఓపికను బట్టి కొద్దికొద్దిగా పెంచుకోవాలి. రోజుకు ఐదు వాక్యాలు అర్థంతో చదివేవాడు, ఒక్కరోజు మూడు పారాలు చదివి ఏడాదంతా ముట్టనివాడికంటే ముందుంటాడు. అతను తడబడితే అతణ్ణి చూసి నవ్వేవాళ్లం కాకుండా, చేయి పట్టి సఫ్‌లో నిలిపేవాళ్లం కావాలి. కొత్తగా మస్జిదుకు వచ్చినవాణ్ణి 'ఇన్నాళ్లకు దారి తెలిసిందా?' అని వెక్కిరించే పెద్దలు కూడా టీకొట్టు దగ్గరి కుర్రాళ్లతో సమానమే.

పడినా ఫరవాలేదు. సోమాలియాలో పుట్టి బ్రిటన్‌లో స్థిరపడిన ముస్లిం పరుగువీరుడు మో ఫరా, 2016 రియో ఒలింపిక్స్ 10,000 మీటర్ల పరుగు మధ్యలో కింద పడ్డాడు. లేచి మళ్లీ పరుగందుకుని స్వర్ణ పతకం గెలిచాడు. పడినచోటే ఉండిపోయేవాడికే ఓటమి. తౌబా తలుపు తెరిచి ఉన్నంతవరకు పాపి కూడా లేచి మళ్లీ సాగవచ్చు. ప్రభువు క్షమాభిక్ష వైపుకు, భూమ్యాకాశాలంత విశాలమైన స్వర్గం వైపుకు త్వరపడమనే కదా అల్లాహ్ మనల్ని పిలిచింది (సూరె ఆలి ఇమ్రాన్: 133)! ఆ పరుగుకు ఒక విశేషం ఉంది. ఒకరు చేరితే మరొకరికి చోటు తగ్గదు.

ఆ రోజు మేము ఆ సోదరునితో ఇంతే అన్నాం: "భాయ్, పేరు కొట్టేయించకండి. డాక్టరును అడగండి. ఒంటరిగా వెళ్లకండి. మస్జిదులో ఫజ్ర్ చదివేవాళ్లలో ఒకరిద్దరిని తోడు తీసుకోండి. మెల్లగా మొదలుపెట్టండి."

నెల తర్వాత ఆయన ఫోను చేశాడు. ఫజ్ర్ అయ్యాక మస్జిదు గేటు దగ్గర నలుగురు కలుస్తున్నారట. రెండు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక. అందరికంటే వెనక తానేనట. ముందున్నవాళ్లు ఆగి తన కోసం చూస్తున్నారట. ఫోను పెట్టేసే ముందు అన్నాడు: "మౌల్సాబ్, ఇవాళ కల్వర్టు దాటాను."

ఓ అల్లాహ్! మా దేహాలకు ఆరోగ్యాన్ని, మా సంకల్పాలకు చిత్తశుద్ధిని, మా ఆచరణలకు నిలకడను ప్రసాదించు. వెనకబడినవారిని వదిలి వెళ్లేవారిలో మమ్మల్ని చేర్చకు. రోగులకు స్వస్థత కలిగించు. నీ క్షమాభిక్ష వైపుకు సాగే దారిలో మా ఊపిరి చివరిదాకా నిలుపు. ఆమీన్.